బావగారికి మాటలు కుట్టిన మా అక్క

మా తోడికోడల్ని నేను అక్కా అంటాను. సొంత అక్కతో కూడా ఇంత చనువుగా పోట్లాడి ఎరగను. ఆవిడ కింద వాటాలో, ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మేము పై వాటాలో ఉంటాం. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి యాభై దాటాక కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం తనంతట తానే నేర్చుకుందంటే మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే పోనీ, నేను పక్కనే కూర్చుని చూశాను.

బావగారు బస్సు కండక్టరుగా చేసేవారు. ఆయన గొంతు విప్పితే చివరి సీట్లో నిద్ర నటిస్తున్నవాడు కూడా లేచి టికెట్ తీసుకునేవాడు. ఇంట్లోనూ అదే గొంతు. వీధి మలుపులోంచే "ఒసేయ్" అని ఒక్క కేక పెట్టేవారు. అక్క కుట్టు మధ్యలో వదిలేసి "వస్తున్నానండీ" అంటూ పరిగెత్తేది. ఆ ఒసేయ్ వింటే నాకు ఒళ్లు మండేది. అక్కకి మాత్రం అది వినపడకపోతే పొద్దు గడిచేది కాదు.

పక్షవాతం ఆయన కుడిచేతినీ మాటనీ తీసుకుపోయింది. అన్నీ అర్థమవుతాయి, చదువుకోగలరు, నోటికి మాత్రం మాట రాదు. రాయమంటే ఎడంచేత్తో నాలుగు వంకర గీతలు గీసి కాగితం తోసేసేవారు. సైగలు చేస్తే మాకు తిన్నగా అర్థమయ్యేవి కావు. నీళ్లడిగితే దుప్పటి కప్పేవాళ్లం. చివరికి విసుగెత్తి సైగలు కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. ఇలా లోపల్లోపల ముడుచుకుపోతే మనిషి దక్కడు, ఎలాగైనా మాట్లాడించండి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మా ఆయన ఫోనులో ఏదో యాప్ వేసిచ్చారు. బొమ్మ నొక్కితే మాట వినిపిస్తుంది. "దయచేసి నాకు మంచినీరు ఇవ్వగలరా" అంది అది. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఇవ్వగలరా అని అడిగిన మనిషి కాదాయన. ఫోను దిండు కింద తోసేసి మళ్లీ గోడకి తిరిగారు. అందులో మాటలు మార్చుదామని అక్క చాలా తంటాలు పడింది. కుదర్లేదు.

"రెడీమేడ్ చొక్కా ఆయనకి ఎప్పుడు సరిపోయింది గనక? మనమే కుట్టాలి చెల్లీ" అంది.

అలా మా పాత లాప్‌టాప్ కిందకి దిగింది. పాఠాలు యూట్యూబులో, తెలుగులోనే దొరికాయి. చెప్పే కుర్రాడు మంచివాడే కానీ ప్రతి మాటకీ "చాలా సింపులండీ" అనేవాడు. అతను సింపుల్ అన్నప్పుడల్లా మాకు ఒక మధ్యాహ్నం హరీ అనేది. ఎదురుపడితే నాలుగు దులిపేద్దామని ఉండేది నాకు. అక్క మాత్రం వీడియో ఆపడం, చూసి రాయడం, తప్పొస్తే వరుసగా విప్పుకుంటూ రావడం. కుట్టు విప్పడంలో ఆవిడ ఓపిక నాకెప్పటికీ రాదు. పాఠంలో బటన్ అన్న మాట వచ్చిన రోజున మొహం చేటంత చేసుకుని, "ఇది మనకి తెలిసిందే" అంది.

ఆ తెలిసిందే ఏడిపించింది. తెర మీద బటన్ వచ్చింది, నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. రోజులు గడిచిపోయాయి. చివరికి, నేర్చుకునేవాళ్లు సందేహాలు అడిగే గుంపొకటి నెట్‌లో ఉంటే అందులో తను రాసిందంతా పెట్టింది. ఏ ఊరి పిల్లో, సాయంత్రానికల్లా జవాబిచ్చింది: పైన స్పీక్ అని పెద్ద ఎస్ పెట్టారు, కింద చిన్న ఎస్ పెట్టారు, కంప్యూటరుకి అవి వేరువేరు అమ్మా అని. అక్క బిత్తరపోయింది. ఎస్ అంటే ఎస్సే కదా, మన క అక్షరానికి పెద్దదీ చిన్నదీ ఉన్నాయా అని నన్నడిగింది. లేవు కాక లేవని నేనూ వంత పాడి ఆ కంప్యూటర్ని తిట్టిపోశాను. తిట్లయ్యాక అక్క ఎస్ మార్చి నొక్కింది.

"కాసిని నీళ్లియ్యి" అంది లాప్‌టాప్ లోపలున్న మగగొంతు.

అక్క మెడలో వేలాడే టేపుతోనే కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి.

ఇక ఆగలేదు. ఆ టీవీ గోల ఆపు, కాళ్లు లాగుతున్నాయి, ఆ కిటికీ తెరువు. అన్నీ ఆయన మాటలే. నాకేం వద్దు పో అని కూడా ఒక బటన్ పెడుతుంటే, అదెందుకు అక్కా అన్నాను.

"అలగడానికైనా మాట ఉండాలి కదే" అంది.

అన్నిటికన్నా పైన, ఎర్రగా, పెద్దగా, తనని పిలిచే బటన్ పెట్టింది. ప్రోగ్రామంతా ఫోనులోకి ఎక్కించిన రోజున, దీన్నీ దిండు కిందకి తోసేస్తే ఇక నాకు దారి లేదు చెల్లీ అంది. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆయన ఎడంచేతిలో ఫోను పెట్టి, ఏం చెప్పకుండా వెళ్లి మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం లేదు, ఊరికే తొక్కుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. బావగారు ఒక్కొక్కటే చదువుకున్నారు. తర్వాత వేలు పైకి జరిపి ఎర్ర బటన్ నొక్కారు.

"ఏమండీ" అని గట్టిగా పిలిచింది ఫోను.

మిషను ఆగిపోయింది. ఒసేయ్ అని రాయాల్సిన చోట, పెళ్లైన దగ్గర్నుంచీ తను ఆయన్ని పిలిచే పిలుపే చేతికొచ్చేసింది మా అక్కకి. కంగారులో ఆ ఒక్కటీ నొక్కి చూసుకోలేదు. నాలిక కరుచుకుని పరిగెత్తుకొచ్చింది.

"తప్పు పడిందండీ. ఇలా ఇవ్వండి, ఇప్పుడే మార్చేస్తాను."

ఆయన భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే నవ్వుతున్నారు. చప్పుడు లేని నవ్వు, కళ్లమ్మట నీళ్లు. అక్క ఫోను కోసం చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు, గుండెకి ఆనించి పట్టుకున్నారు.

"అది మీ మాట కాదు కదండీ" అంది అక్క.

ఆయన ఆవిడ మొహంలోకి అలా చూస్తూ, మళ్లీ అదే బటన్ నొక్కారు. ఏమండీ.

ఆవిణ్ణి ఆయన ఎన్నడూ అలా పిలిచింది లేదు. మంచం మీద ఆయన పక్కనే కూర్చుని, జీవితంలో మొదటిసారి మొగుణ్ణి ఏకవచనంలో పలకరించింది.

"ఆఁ, చెప్పు" అంది.