మేనమామ బిందెకి బిల్లు

మా కొట్టు జగ్గయ్యపేటలో, మెయిన్ బజారు నుంచి కాస్త లోపలికి వస్తే ఉంటుంది. స్టీలు, ఇత్తడి సామాను అమ్ముతాం. బేరమాడేది నేను, కొన్న సామాను మీద పేర్లు చెక్కేది మా ఆయన. నోరు నాది, చెయ్యి ఆయనది అని బజారంతా నవ్వుతారు. నవ్వనీ. ఆయన మెతకదనానికి కొట్టు వదిలేస్తే మేమెప్పుడో షట్టరు దించేసి ఇంట్లో కూర్చునేవాళ్ళం.

మా మామగారి రోజుల నుంచీ కొట్టుకి ఒక పద్ధతి ఉండేది. పెళ్ళి సామాను కొన్నవాళ్ళని మోసుకుపొమ్మనేవాళ్ళం కాదు. మేమే ఆటోలో వేసుకెళ్ళి వాళ్ళింట్లో దించేవాళ్ళం. గిన్నెలూ గుండిగలూ ఆటోలో ఎలా పోయినా సరే, ఇత్తడి బిందెని మాత్రం మా ఆయన ఒళ్ళో పెట్టుకునేవారు. అందులో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము వేసి, మెడకి పసుపు రాసి, ఆ ఇంటి గడప లోపల తనే పెట్టి, వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేవారు. ఆయన చేత్తో పెట్టిన బిందె ఇంటికి మంచిదని అడిగి మరీ కొనేవాళ్ళు. వేదాద్రి వాళ్ళు, నందిగామ వాళ్ళు, అటు కోదాడ వైపు ఊళ్ళ వాళ్ళు.

ఆ కోదాడ వైపే మా కొంప ముంచింది.

మాకు కోదాడ అంటే పొరుగూరు. పంటి డాక్టరు దగ్గరికి అక్కడికే పోతాం. మా ఆయన ఒక్కగానొక్క చెల్లెల్ని ఇచ్చింది కూడా కోదాడ దాటాక ఉన్న ఊరికే. రాష్ట్రం రెండు ముక్కలైందని టీవీలో చూశాం, గొడవలు చూశాం, హైవే మీద స్వాగతం బోర్డులు చూశాం. అయినా బస్సు అదే, ఛార్జీ అదే, పెళ్ళిళ్ళు అవే. జీఎస్టీ కొత్తలో మా పేరు ఎక్కించిన నందిగామ ఆడిటరు గారు, “మీకు చిన్న కొట్లవాళ్ళ స్కీము పెడుతున్నానండీ. ఒక్కటే షరతు, వేరే రాష్ట్రానికి అమ్మకూడదు,” అన్నప్పుడు మా ఆయన నవ్వేశారు. “వేరే రాష్ట్రానికి మేమెక్కడ అమ్ముతామండీ! మద్రాసుకా, బెంగుళూరుకా?” అని సంతకం పెట్టేశారు. పక్కనే కూర్చున్న నాకు కూడా కోదాడ తట్టలేదు. మా పేట మొత్తం మీద ఎవరికి తట్టి ఉంటుంది?

అలా ఏళ్ళు గడిచాయి. పోయినేడు పెళ్ళిళ్ళ సీజన్లో ఒక పెద్ద బేరం తగిలింది. కోదాడ పక్క ఊరివాళ్ళు. కాపురానికి కావలసిన సామానంతా మా దగ్గరే తీసుకున్నారు. ఎప్పుడూ మా సామాను తోలే ఆటో భాయి వచ్చాడు. మా ఆయన బిందె ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నారు. ఎదురు ఎవరొస్తున్నారో నేనే చూసి, శుభమని పంపించాను. నా మొహం, శుభం!

బోర్డర్ దగ్గర పన్నుల వాళ్ళు బండి ఆపారు. బిల్లు చూశారు. బిల్లు పైన అచ్చేసి ఉంటుంది, ఈ కొట్టు చిన్న కొట్ల స్కీములోది, కొన్నవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేయకూడదు అని. ఆ కింద మా ఆయన గుండ్రటి అక్షరాలతో, ఎవరింటికి వెళ్తోందో ఊరూ వాడా సహా రాసి పెట్టారు. ఫోన్ చేసింది భాయి. “వదినా, ఆపేశారు. ఈ కొట్టువాళ్ళు బోర్డర్ దాటించి అమ్మకూడదంట. అన్నకి ఏం చెప్పాలో తెలీట్లా. బిందె పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు,” అన్నాడు.

జరిమానా కట్టి సామాను విడిపించేసరికి ఆ పెళ్ళి అయిపోయింది. వాళ్ళు కోదాడలో వేరే కొట్లో కొనుక్కున్నారు. పెళ్ళికూతురి పేరు చెక్కిన సామాను మా కొట్టుకే తిరిగొచ్చింది. ఆ పేరుగల పిల్ల ఇంకొకతె దొరికితే తప్ప దాన్ని అమ్మలేం. ఇప్పటికీ అటక మీదే ఉంది.

మర్నాడే నందిగామ వెళ్ళాం. మా ఆయన తల దించుకుని కూర్చున్నారు. అడిగిందంతా నేనే. ఆడిటరు గారు పాపం ఓపిగ్గానే చెప్పారు.

“అమ్మా, మామూలు కొట్టాయన సరుకు కొన్నప్పుడు పన్ను కడతాడు. అమ్మినప్పుడు కొన్నవాళ్ళ దగ్గర పన్ను తీసుకుంటాడు. ముందు తను కట్టింది మినహాయించుకుని మిగిలింది గవర్నమెంటుకి జమ చేస్తాడు. బిల్లులో చూస్తారుగా, సగం సెంటర్‌కి, సగం స్టేట్‌కి. ఆఖరికి పన్ను మోసేది వస్తువు వాడుకునే మనిషే.”

“మరి మా సంగతి?”

“మీది చిన్న కొట్టు కాబట్టి సులువు దారి ఇచ్చారు. మీరు కొన్నవాళ్ళ దగ్గర పన్ను తీసుకోకూడదు, మీరు కట్టింది మీకు తిరిగి రాదు. అమ్మకం మొత్తం మీద నూటికి రూపాయి మీ జేబులోంచి కట్టేస్తే సరిపోద్ది. కానీ రాష్ట్రం దాటి అమ్మితే ఆ దారి మూసేస్తారు.”

“అయితే కోదాడవాళ్ళు మా కొట్టుకి రాకూడదా ఏంటండీ?”

“రావచ్చు. కొట్లో కొనుక్కుని వాళ్ళే పట్టుకెళ్తే అది జగ్గయ్యపేట అమ్మకం. మీరు తీసుకెళ్ళి వాళ్ళింట్లో దించితే తెలంగాణ అమ్మకం. సరుకు ఏ రాష్ట్రంలో చేరితే పన్నులో వాటా ఆ రాష్ట్రానికి పోవాలమ్మా. దానికి వేరే బిల్లు, వేరే పద్ధతి.”

“బిందె అదే, రేటు అదే, పన్ను రెండు పక్కలా అదే కదండీ!”

“అన్నీ అవే. ఎవరు పట్టుకెళ్ళారన్నదే తేడా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అంటే మర్యాద చేసినందుకన్నమాట మాకు జరిమానా! చెడామడా నాలుగు మాటలు అందామనుకున్నాను గానీ, ఎవర్ని అనను? ఆ వాటా లెక్క విన్నాక అందులో అన్యాయం ఏమిటో నాకే దొరకలేదు. అదింకా మంట. ఆడిటరు గారు గొంతు తగ్గించి, ఈసారికి తెలియక జరిగిందని రాసిచ్చి బయటపడ్డామనీ, ఇంకోసారి దొరికితే స్కీము తీసేసి వెనకటి ఏళ్ళ పన్ను కూడా వడ్డీతో లాగుతారనీ, అప్పుడు కొట్టు అమ్మినా చాలదనీ చెప్పారు. మామూలు కొట్టుగా మారిపోతే బోర్డర్ దాటి అమ్ముకోవచ్చట. నెలనెలా కంప్యూటర్లో లెక్కలు ఎక్కించాలట.

“ఈ వయసులో నాకు అవన్నీ వద్దండీ. బోర్డర్ దాటను,” అన్నారు మా ఆయన.

ఆ భయం ఆయన ఒంట్లో దిగిపోయింది. కొట్టుకి ఎవరొచ్చినా రేటు చెప్పకముందే “ఏ ఊరండీ మీది?” అని అడగడం మొదలుపెట్టారు. అటువైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఇంటికి తెచ్చి పెట్టనన్న మాట విని, “ఏందన్నా, గట్ల అంటవ్? నా పెండ్లికి మీ నాయన బిందె తెచ్చి పెట్టిండు మా ఇంట్ల. నా బిడ్డ పెండ్లికి నువ్వు తేవా?” అంది. “మీరే పట్టుకెళ్ళండమ్మా,” అన్నారీయన ఆవిడ మొహం చూడకుండా. ఆవిడ బిందె కింద పెట్టేసి వెళ్ళిపోయింది. ఆయన చేతికోసమే వచ్చిన మనిషి, మామూలు బిందె కోసం ఇంత దూరం ఎందుకొస్తుంది?

ఇంతలో ఆయన చెల్లెలి కూతురి పెళ్ళి కుదిరింది. ఈయన ఆ పిల్లకి ఒక్కడే మేనమామ. ఊళ్ళో వాళ్ళందరికీ బిందె పెట్టిన మనిషి సొంత మేనకోడలికి పెట్టే రోజు కోసం ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నారో నాకు తెలుసు. అన్నిటికంటే బరువైన బిందె తెప్పించారు. ఒక ఆదివారం కూర్చుని దాని మెడ చుట్టూ పిల్ల పేరూ, ‘మేనమామ ఇచ్చినది’ అనీ చెక్కారు. చెక్కుతూ ఏదో కూనిరాగం కూడా తీశారు. ఆ రాగం విని నెలలైంది, నా ప్రాణం లేచొచ్చింది.

చెల్లెలు ఫోన్ చేసింది. “అన్నయ్యా, బిందె ఎప్పుడు తెస్తున్నావ్? నువ్వొచ్చి పెట్టాకే పందిరి రాట వేద్దామని ఆగా.”

ఈయన నీళ్ళు నమిలి, “అబ్బాయిని కొట్టుకి పంపమ్మా. వాడొచ్చి పట్టుకెళ్తాడు,” అన్నారు.

ఫోన్ పెట్టేశాక విరుచుకుపడ్డాను. “మతి ఉండే మాట్లాడుతున్నారా? అది అమ్మకమా? మీ చెల్లెలికి మీరిచ్చే కానుక!”

“కొట్లోంచి కదిలే కొత్త బిందె. కానుకని వాళ్ళకెలా తెలుస్తుంది?”

“మేనమామ ఇచ్చినది అని మీ చేత్తో మీరే చెక్కారు కదండీ. ఇంకేం కావాలి?”

ఆడిటరు గారికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. “సొంత కానుకకి ఎవరూ ఏమీ అనరండీ, నిక్షేపంగా తీసుకెళ్ళండి,” అన్నారాయన. మా ఆయన తలూపారు. తలూపడమే. నెత్తీ నోరూ బాదుకున్నాను, అరిచాను, ఒక పూట అన్నం మానేశాను. భాయి కూడా వచ్చి, “నేను తోలతా అన్నా, నా పూచీ,” అన్నాడు. ఆ మాటకి ఈయన లేచి వెళ్ళి షట్టరు సగం దించేశారు. ఇక నేను పోరడం మానేశాను.

మేనల్లుడు వచ్చాడు. ఈయన బిందె తుడిచి, పసుపు రాసి ఇచ్చారు. బియ్యం నేను వెయ్యబోతుంటే ఆపి, తన బావగారి పేరు మీద పూర్తి ధరకి బిల్లు రాశారు. “దారిలో ఎవరన్నా ఆపితే ఇది చూపించరా. కొట్లో కొనుక్కున్నా అని చెప్పు. అంతే,” అన్నారు. వాడు మేనమామ వంకా నా వంకా చూసి, బిల్లు మడిచి బిందెలో వేసుకుని వెళ్ళాడు. ఆ బిల్లు ఇంటికి చేరాక చించెయ్యరా అనడానికి ఈయనకి నోరు రాలేదు. నాకైనా తోచి ఉండాల్సింది. తోచలేదు.

పెళ్ళికి బస్సులో వెళ్ళాం. బోర్డర్ దాటేటప్పుడు ఈయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు, తన దగ్గర ఏమీ లేదని ఎవరికో చూపిస్తున్నట్టు. పెళ్ళిలో మేనమామని పిలిచారు, పిల్లని గంపలో తీసుకొచ్చారు, అన్నీ జరిగాయి. బిందె ఎక్కడా కనపడలేదు. వంటల వైపు వెళ్తే, అక్కడ నీళ్ళ డబ్బాల పక్కన, పసుపు ఆరిపోయి ఉంది. చెల్లెలు నా పక్కకి వచ్చింది. “మీ కొట్లో బిందె బాగుంది వదినా. గట్టి సరుకు,” అంది. ‘మా అన్నయ్య బిందె’ అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఈయనకి ఆ మాట చెప్పలేదు.

పెళ్ళి సందడి అంతా సద్దుమణిగాక, ఒక రోజు కొట్లో మేమిద్దరమే ఉన్నాం. బేరాల్లేవు. కౌంటరు మీద, ఫోన్లో డబ్బులు పడితే పైకి చదివే డబ్బా ఉంటుంది. అది ఉన్నట్టుండి పలికింది, ఇన్ని వేల ఇన్ని వందల రూపాయలు అందాయి అని. కొట్లో ఎవరూ లేరే అని నేను వీధిలోకి తొంగి చూశాను. ఆయన చూడలేదు. ఆ అంకె ఆయన మేనకోడలి బిందె బిల్లు మీద రాసిందే.

వెంటనే తిప్పి పంపారు. కాసేపటికి డబ్బా మళ్ళీ అదే అంకె చదివింది. ఫోన్ చేస్తే చెల్లెలు ఎత్తలేదు. ఇంకోసారి పంపబోతుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ డబ్బా గొంతు మూడోసారి వినడం నా వల్ల కాదనిపించింది.

మూడు నెలల లెక్క పంపమని నందిగామ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన కూడుతుంటే పక్కన కూర్చున్నాను. ఆ బిల్లు దగ్గర ఆగారు. “అది కొట్టెయ్యండి. అది అమ్మకం కాదు,” అన్నాను.

“డబ్బులొచ్చాయిగా,” అన్నారు.

ఆ బిందెకి కూడా నూటికి రూపాయి పన్ను కట్టాం.