గాలి మళ్ళాక తడిపిన తడిక

అబద్ధానికి బరువెంత ఉంటుంది? నోట్లోంచి వచ్చేటప్పుడు దానికి బరువే లేదు. ఆ తరువాత ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. పొయ్యి ముందు మోశాను, పురుటి మంచం మీద మోశాను, దేవుడి ముందు దీపం పెడుతూ కూడా మోశాను. నా భర్తకు సైతం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కోట అనే ఊరి దగ్గర పల్లె. సముద్రం కంటికి కనిపించదు గానీ దాని గాలి మా ఇంటిదాకా వస్తుంది. ఎండాకాలంలో మాకు రోజుకు రెండు గాలులు. పొద్దెక్కిన దగ్గర్నుంచి పడమటి గాలి నిప్పులు చెరుగుతుంది. మధ్యాహ్నం దాటాక అది ఆగి, కాసేపు ఆకు కదలదు. ఆ తరువాత తూర్పు నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. గాలి మళ్ళడం అంటాం. ఇల్లు చల్లగా ఉండాలంటే ఈ రెంటినీ కనిపెట్టుకుని ఉండాలి. పడమటి గాలి ఉన్నంతసేపు ఆ వైపు కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుతుండాలి. గాలి మళ్ళగానే తడపడం మానేసి, తడికలు విప్పి, తూర్పు కిటికీ బార్లా తెరవాలి. అప్పుడు కూడా తడిపి, కిటికీ మూసి పెడితే గదిలో చెమ్మ పేరుకుపోయి ఉక్క పట్టేస్తుంది. మామూలు మనుషులకే ఊపిరి సలపదు.

మా ఇంట్లో ఆ పని అక్కది. అక్క అంటే నా తోడికోడలు. నేను కాపురానికి వచ్చేటప్పటికే మా బావగారు పోయారు. ఆమెకు పిల్లలు లేరు. అత్తకు ఉబ్బసం. ఎండాకాలం గట్టెక్కాలంటే అత్తకు అక్క చేయి ఉండాల్సిందే. ఏటా కొత్త వేళ్ళు తెప్పించి, నానబెట్టి, వెదురు బద్దల మధ్య పరిచి కుట్టేది. సాయంత్రం విప్పి ఆరబెట్టేది, బూజు వాసన వస్తే అత్తకు ఆయాసం వస్తుందని. ఎవరికీ చేయనిచ్చేది కాదు. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్న చోటు అత్త గదే, ఆ పనే. నాకది అప్పుడు అర్థం కాలేదు. కాలేదా? అర్థం చేసుకోవడం ఇష్టం లేకపోయిందా?

అప్పుడే ఊళ్ళోకి కరెంటు వచ్చింది. ఇంట్లో దీపాలు వెలిగాయి. నాకు ఫ్యాను కావాలనిపించింది. ఊరికే సరదాకి కాదు. మా గది మేడ మీద. పగలంతా కాగిన మిద్దె కింద నా చంటిబిడ్డ ఒళ్ళంతా చెమటకాయలతో గిలగిల్లాడేవాడు. విసనకర్రతో విసిరి విసిరి నా చేయి పడిపోయేది. ముందు అమ్మ గదిలో పెట్టించి, ఆమెకు పడితే మన గదిలోనూ పెట్టిద్దామన్నారు మా ఆయన. అత్త ఒప్పుకోవాలి, అంతే. నేను అక్కతో చెప్పుకున్నాను. అత్తకు తాను నచ్చచెబుతానని మాట ఇచ్చింది. తీరా అత్త అడిగినప్పుడు, నేను గుమ్మం అవతలే ఉండగా, ఫ్యాను గాలి ఉబ్బసానికి పడదు, ఉన్న తడికలు చాలు అని చెప్పింది.

నమ్మించి గొంతు కోసిందనుకున్నాను. ఆ ఇంట్లో నేను మనసు విప్పి మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. ఆ పూట అన్నం సహించలేదు. ఆమె వడ్డించిన అన్నమని సహించలేదు. ఫ్యాను వస్తే తడికలు పోతాయి, తడికలు పోతే ఈ ఇంట్లో నేనెందుకు అని ఆమె భయపడి ఉంటుందని ఇప్పుడు తోస్తోంది. అప్పుడు తోచి ఉంటే నేను ఆగేదాన్నా? ఆగేదాన్నని చెప్పాలని ఉంది. చెప్పలేను.

ఒకరోజు కోటలో బంధువుల ఇంట్లో కర్మకు అక్క వెళ్ళాల్సి వచ్చింది. ఎన్నడూ ఎవరికీ అప్పగించని పని నాకు అప్పగించింది. "గాలి మళ్ళంగానే తడపబాక అమ్మణ్ణీ. తూర్పు కిటికీ తెరిచేయి" అని గడప దాటుతూ మళ్ళీ చెప్పింది.

గాలి ఆగింది. మళ్ళింది. వసారాలో ఆరేసిన చీర పడమటివైపుకు ఊగడం నా కళ్ళతో చూశాను. చూసి, బిందె ఎత్తి తడిక నిండా నీళ్ళు పోశాను. తూర్పు కిటికీ రెక్కలు తెరవలేదు. అత్త నిద్రలో ఉంది. కాస్త ఉక్క తెలిస్తే తడికలు చాలవని ఆమె నోటితోనే వస్తుంది, అంతకన్నా ఏం కాదు అనుకున్నాను. అంతకన్నా ఏం కాదా? ఉబ్బసం మనిషని నాకు తెలియదా? తెలుసు. తెలిసే మేడ మీదికి పోయి బిడ్డ పక్కన పడుకున్నాను.

కిందికి వచ్చేసరికి అత్త మంచం పట్టె పట్టుకుని వంగి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. పరుగెత్తి కిటికీ తెరిచాను. అంతలోనే అక్క వచ్చింది. వస్తూనే అత్తను తన గుండెకు ఆనించుకుని కూర్చుంది. మా ఆయన కోట నుంచి డాక్టరును తీసుకొచ్చారు. సూది వేశాక, దీపాలు పెట్టే వేళకు అత్తకు మాట వచ్చింది.

"గాలి మళ్ళినాక తడిపింది ఎవురు?" అంది.

ఆయన ఉన్నారు. అక్క ఉంది. నేను ఉన్నాను.

"నేనే అత్తా. అక్కే తడపమని చెప్పి పోయింది" అన్నాను.

అక్క నావైపు తిరిగింది. "నేనా? నేనెప్పుడు చెప్పినాను అమ్మణ్ణీ?"

"పొయ్యేటప్పుడు చెప్పినావు గదక్కా. నువ్వొచ్చిందాకా తడపతానే ఉండమని."

ఆమె వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. మెట్టు ఉందనుకుని కాలు పెట్టిన మనిషికి అక్కడ మెట్టు లేకపోతే ఎలా ఉంటుందో, అలా ఉంది ఆ ముఖం.

"అది చిన్నది, దానికేం తెల్సు" అంది అత్త. "అన్నీ తెలిసిన దానివి నువ్వు. నా పానం మీదికి తెచ్చినావు."

అంతే జరిగింది. ఎవరూ అరవలేదు. అత్త మళ్ళీ ఆమెను ఆ గదిలోకి రానివ్వలేదు. ఫ్యాను వచ్చింది, తరువాత మా గదిలోకీ వచ్చింది. ఇంటి నుంచి పొమ్మని అక్కను ఎవరూ అనలేదు. వాళ్ళ తమ్ముడు చూసిపోవడానికి వచ్చినప్పుడు ఆయన వెంట నాయుడుపేట దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు మేడెక్కి వచ్చి నా బిడ్డను ముద్దాడింది. నేను అప్పుడు చెప్పాల్సింది. ఆమె కూడా ఎదురుచూసిందేమో, గుమ్మంలో కాసేపు నిలబడింది. నేను బిడ్డ బట్టలు మడత పెడుతూ తలెత్తలేదు. కొన్నాళ్ళపాటు ఆమే నాకు ముందు ద్రోహం చేసిందని నాకు నేను చెప్పుకున్నాను. మాట తప్పడమూ, మనిషిని ముంచడమూ ఒకటేనా? ఎన్నిసార్లు తూచినా ఒకటి కాలేదు.

ఫ్యాను సుఖపెట్టలేదా అంటే పెట్టింది. బిడ్డ హాయిగా నిద్రపోయాడు. పడమటి గాలి వేళ మాత్రం అది గదిలో వేడినంతా అత్త మీదికి కుమ్మరించేది. తడిక కట్టమంది. కట్టాను. నాకు కుదరలేదు. అత్త చివరి వేసవిలో "పెద్దది ఉంటేనా" అని గోడవైపు తిరిగి పడుకునేది. తానే పంపేసుకున్నానని ఆ ముసలామె బాధపడింది. ఆమె మోసపోయింది. ఆ మాట చెప్పి ఉంటే ఆమె ప్రాణం కాస్త తేలికగా పోయేది. చెప్పలేదు.

ఇప్పుడు రాశాను. అక్క తడపమనలేదు. తడపవద్దనే చెప్పింది. తడిపింది నేను, అబద్ధమాడింది నేను. ఇది రాస్తుంటే గుండె మీద నుంచి ఏదో దిగినట్టుంది. అలా దిగినందుకు కూడా సిగ్గుగా ఉంది. ఎందుకంటే అక్క బతికే ఉంది. బస్సెక్కితే పూటలో చేరే ఊళ్ళో, తమ్ముడి ఇంట్లో ఉంది. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను.