నలభై రోజుల మౌనం

నీటి శుద్ధి కేంద్రంలో ఇరవై ఆరేళ్ళుగా ఆపరేటరు కావడంతో, అతన్ని ఊరంతా నీళ్ళాయన అనే పిలిచేది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తనను పెంచిన అక్కతోనే రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. అక్క భర్త ఎప్పుడో పోయాడు.

దేవుడి విషయంలో మాత్రం ఇద్దరికీ పడేది కాదు. అక్క వారానికోసారి పదిమందిని పోగుచేసి లోకం కోసం ప్రార్థన చేయించేది. మనుషులందరికీ కలిపి దేవుడు ఒకే పని అప్పజెప్పి ఇక్కడికి పంపాడని ఆమె నమ్మకం. తమ్ముడు ఒక గురువుగారి మాట పట్టుకుని, కళ్ళు మూసుకుని తనెవరో వెతుక్కునేవాడు.

"ముందు నన్ను నేను తెలుసుకోవాలి కదక్కా. ఆ తర్వాతే లోకం."

"నీలో తెలుసుకోవడానికేముందిరా? పొద్దున లేస్తే చిరాకు, సాయంత్రమైతే ఆకలి. నన్నడుగు, నేను చెప్తా."

నవ్వేసేవాడు గానీ లోపల గుచ్చుకునేది.

యాభై రెండో ఏట గురువుగారి ధ్యాన మందిరంలో నలభై రోజుల మౌనానికి సెలవు పెట్టాడు. అక్కడ ఫోను గేటు దగ్గరే ఇచ్చెయ్యాలి. బయటి కబురేదీ లోపలికి రానివ్వరు. అక్క సంచి సర్దుతూ, "నువ్వు దొరికితే వెంటబెట్టుకురా, ఇద్దరికీ కలిపే వండుతా" అంది.

ఆ రోజుల్లోనే పెద్ద వాన పట్టింది. జలాశయంలో నీళ్ళు బురదబురదగా మారాయి. అలాంటప్పుడు క్లోరిన్ మోతాదు పెంచి, గంటగంటకీ నీటిని పరీక్షించాలి. అతని బదులు వచ్చిన ఆపరేటరు మామూలు మోతాదే వేసి ఊరుకున్నాడు. వారం తిరక్కుండా ఊరంతా వాంతులు, విరేచనాలు. పదకొండు మంది పోయారు. వాళ్ళలో అక్క ఒకతె.

నలభయ్యో రోజు దాటి ఫోను చేతికొచ్చాకే అతనికి తెలిసింది. అప్పటికే అంత్యక్రియలై పన్నెండు రోజులు.

గురువుగారు భుజం తట్టి, "నిన్ను నువ్వు తెలుసుకుంటే పోయినవాళ్ళంటూ ఎవరూ ఉండరు నాయనా" అన్నారు. ఇంటికొస్తే, అక్కతో ప్రార్థనలో కూర్చునే టీచరమ్మ, "ఇంత జరిగాకే కదా కొత్త యంత్రాలు తెస్తున్నారు. మీ అక్క ప్రాణం నలుగురికీ పనికొచ్చింది" అంది. ఇద్దరి మాటలూ అతనికి మింగుడుపడలేదు.

బదులు ఆపరేటరు వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. "అంతా నా వల్లే అన్నా."

"నీ ఒక్కడి వల్లే అయితే బాగుండేదిరా. ఆ వాన నేనూ విన్నాను. మందిరం రేకుల మీద రోజంతా కురిసింది. నీళ్ళు బురదగా వస్తాయి, నువ్వు కొత్తవాడివి, ఎవరితోనైనా కబురు పంపితే బాగుండుననిపించింది. మౌనం చెడుతుందని ఆ ఆలోచనని తోసేశాను. అది మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రం ఎంత హాయిగా ఉన్నానో! నా జన్మలో అంత హాయి ఎరగను." అతన్ని లేవదీస్తూ అన్నాడు, "నేనెవరో తెలిసింది."

ఆ వాన సంగతే చెప్పడానికి చనిపోయినవాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కటిగా వెళ్ళాడు. కొందరు మంచినీళ్ళిచ్చారు. ఒకరు తలుపేసుకున్నారు. నాలుగో ఇంట్లో, భర్తను పోగొట్టుకున్న దర్జీ ఆవిడ కుట్టుమిషన్ ఆపకుండానే అంతా విని, "ఇదంతా మాకెందుకు చెప్తున్నావయ్యా? నీ మనసు తేలికపడ్డానికా?" అంది.

అతను లేచి బయటికొచ్చాడు. మిగతా ఇళ్ళకు వెళ్ళలేదు. మర్నాడు డ్యూటీలో చేరాడు.

రిటైరయ్యేదాకా ఒక్క రోజు సెలవు పెట్టలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఇంట్లో ఎవరున్నారు?" అనేవాడు.