బోర్లా బాబాయి రాసిచ్చిన చీటీ

బోర్లా బాబాయికి ఏ వస్తువు చేతికొచ్చినా, తిరగేసి దాని అడుగు చూడనిదే ప్రాణం కుదుటపడదు. పాత గాజు సామాను కొట్టు నడిపే మనిషికి అది వృత్తిధర్మమే అనుకోండి. ఏ సామాను ఎవరు చేశారో, ఎన్నేళ్ల నాటిదో అడుగే చెబుతుంది మరి. కానీ కాఫీ ఇస్తే కప్పు అడుగు చూడబోయి అంతా ఒళ్లో ఒలకబోసుకోవడం ఏ ధర్మం? మందు కోసం వెళ్లి, "డాక్టరుగారూ, కాస్త లేవండి, మీ స్టూలు అడుగు చూస్తాను" అనడమో?

పక్కింట్లో పాప పుడితే చూడ్డానికి వెళ్లి, రెండు పాదాలూ ఎత్తి భూతద్దంతో పరీక్షించాడు. "ముద్ర లేదమ్మా. అచ్చులో పోసింది కాదు, చేత్తో చేసిందే" అని తేల్చాడు. బాలింతరాలు కుట్లు పట్టుకుని మరీ నవ్వింది.

అలాంటి మనిషి ముందు ఆ ఉదయం ఒక కొత్త కోడలు ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. పక్కన అత్తగారు. ఎదురుగా బల్ల మీద నీలం గాజు ఫ్లవర్‌వాజు.

"మా అత్తగారిది కదా బాబాయ్" అంది అత్తగారు. "సాయంత్రం మా ఆడపడుచు వస్తోంది. తన పుట్టింటి వాజు ఎవరు చేశారో, ఎన్నేళ్లదో నీ చేత రాయించి పెట్టమంది. దాని సంగతి నీకు తెలుసుగా, ఓ ముక్క రాసిచ్చెయ్యి."

కోడలు చేతిసంచిని ఒళ్లోకి లాక్కుంది. పది రోజుల కిందట దుమ్ము దులుపుతుంటే అసలు వాజు ఆమె చేతిలోనే మూడు ముక్కలైంది. బాబాయి కొట్టు తప్ప ఊరంతా గాలించి అలాంటిదే తెచ్చింది. పాతదానిలా కనబడాలని దాని అడుగుని పెరటి గచ్చు మీద ఒక మధ్యాహ్నమంతా రుద్దింది. ముక్కలు పారెయ్యడానికి చేతులు రాక, గుడ్డలో చుట్టి చేతిసంచిలో మోసుకు తిరుగుతోంది.

బాబాయి వాజు తిరగేశాడు. భూతద్దం పెట్టి "ఊఁ" అన్నాడు. మళ్లీ "ఊఁ" అన్నాడు. రెండో ఊఁకి కోడలికి ముచ్చెమటలు పట్టాయి.

"అమ్మాయ్, నువ్విక్కడే ఉండు. దీన్ని రోజూ తుడిచేది నీ కోడలేగా, నాలుగు ప్రశ్నలు అడగాలి" అని వాజు పట్టుకుని కోడల్ని లోపలి గదిలోకి తీసుకెళ్లాడు.

"ఏళ్ల తరబడి అటూ ఇటూ జరిపితే గీతలు అన్ని వైపులకీ పడతాయి తల్లీ. ఇవన్నీ రేషను క్యూలో నిలబడ్డట్టు ఒకే వైపుకున్నాయి. ఏ గచ్చు మీద రుద్దావు?"

ఆ పిల్ల సంచి తెరిచింది. ముక్కల మూట తీసి ఆయన చేతిలో పెట్టింది. "అత్తయ్యకి చెప్పకండి తాతగారూ. కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు. అదంటే ఆవిడకి ప్రాణం. రోజుకి పదిసార్లు దాని వంకే చూస్తుంటారు."

బాబాయి అడుగు ముక్కని ఏరి తిరగేశాడు. చూసి, భూతద్దం పక్కన పెట్టేశాడు. గడ్డం గోక్కున్నాడు.

ఎంతకీ రారేమని అత్తగారు తలుపు తోసుకొచ్చింది. ఆయన చేతిలో ఆ పాత అడుగు చూడగానే మొహం పాలిపోయింది.

"చెప్పేశావా బాబాయ్? ముప్పై ఏళ్లు దాచినవాడివి, నా కోడలి ముందా బయటపెట్టడం?"

"నేనెక్కడ చెప్పాను? నువ్వే చెబుతున్నావు."

"ఏం దాచారు అత్తయ్యా?"

అత్తగారు స్టూలు మీద కూలబడింది. "మా అత్తగారి వాజు నేనొచ్చిన ఏడాదే పగలగొట్టానే. ఈ కొట్లోనే ఇంకోటి కొని, సానరాయి మీద రుద్దుకున్నాను. అప్పట్నుంచీ ఎవరు కనిపెడతారోనని దాని మీదే కళ్లు." ఒక్క క్షణం ఆగింది. "ఇంతకీ ఇది ముక్కలెలా అయింది?"

"దుమ్ము దులుపుతుంటే."

"నాదీ అంతేనే" అంది అత్తగారు. ఇద్దరికీ నవ్వాగలేదు.

ఊళ్లో అన్ని అడుగులూ చూసిన ఈ మనిషి ఒక్క ఇంటి గుట్టయినా బయట పెట్టలేదని కోడలికి అప్పుడు తట్టింది. బాబాయి మాత్రం తలొంచుకుని చీటీ రాస్తున్నాడు. 'తయారుచేసినవారు: ఈ ఇంటి కోడళ్లు. వయసు: పాతదానికి ముప్పై ఏళ్లు, కొత్తదానికి పది రోజులు.'

"ఇది మా వదినకి చూపిస్తే నన్ను నమిలి మింగేస్తుంది బాబాయ్."

"చూపించమ్మా. ఆవిడా ఒకింటి కోడలేగా."

సాయంత్రం ఆడపడుచు చీటీని రెండుసార్లు చదివింది. మడత పెట్టింది. అత్తాకోడళ్లిద్దరూ ఊపిరి బిగబట్టారు. ఆవిడ వీధి తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ బాబాయి నా సంగతేమైనా చెప్పాడా?"