కళ్లకద్దుకున్న బత్తా

కొవ్వూరులో ఒక లారీ ఆఫీసులో నేను గుమాస్తాగా చేసేటప్పుడు అక్కడ ఒక పెద్ద డ్రైవరుగారు ఉండేవారు. రోజుబత్తా చేతిలో పెట్టగానే కళ్లకద్దుకుని, "జీతం ఇంటికండి, బత్తా నాకండి" అని నవ్వేవారు.

ఒక ఏడాది కంపెనీవాళ్లు జీతం తగ్గించి, బత్తా బాగా పెంచారు. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆయన నన్నడిగారు.

"ఇది మనకి మంచిదేనాండి?"

"చేతికొచ్చేది పెరుగుతుంది కదండీ" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఆ వేసవిలో పోలవరం దారిలో లారీ బోల్తాపడి ఆయన తొడ ఎముక విరిగింది. ఇన్సూరెన్సువాళ్లు పంపిన కాగితం నేనే విప్పాను. పరిహారం ఆ తగ్గించిన జీతం మీదే లెక్కకట్టారు. బత్తా ఊసే లేదు.

ఆసుపత్రికి వెళ్లి చదివి వినిపించాను. ఆయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూశారు.

"అయితే రోజూ బండి తోలి తెచ్చుకున్నది నా సంపాదన కాదాండి?" అన్నారు.



కొన్ని నెలలకి చంకకర్రలతో వచ్చి ఆఫీసు గేటు దగ్గర కూర్చున్నారు. లోపలికి వెళ్లే ప్రతి డ్రైవరునీ ఆపి ఒకటే చెప్పారు.

"బత్తా పెంచమనకండి బాబూ. జీతం పెంచమనండి."