బ్రిస్బేన్ గడియారాలన్నీ తప్పయిన రోజు

ఊరు ఊరంతా తప్పు, నేనొక్కదాన్నే ఒప్పు అనుకుంటూ మనిషి ఎంతసేపు బతకగలదు? నేను సరిగ్గా పందొమ్మిది గంటలు బతికాను. శుక్రవారం మధ్యాహ్నం మూడూ ముప్పై అయిదు నుంచి శనివారం పొద్దున్న పదీ ముప్పై అయిదు దాకా. ఆ పందొమ్మిది గంటల్లో ఒక హోటల్ వాళ్ళని తిట్టాను, ఒక గోడ గడియారాన్ని చెడగొట్టాను, నలభై మూడేళ్ళ తర్వాత దొరికిన స్నేహితురాలిని దాదాపు మళ్ళీ పోగొట్టుకున్నాను. అజ్ఞానంతో చేసి ఉంటే మీరు క్షమించేవారే. నేను భూగోళశాస్త్రంతో చేశాను.

ఇది మూడేళ్ళ కిందటి డిసెంబరు సంగతి. అప్పటికి నాకు అరవై ఎనిమిది. ఇప్పుడు డెబ్బై ఒకటి కనుక, ఆ చిన్నదాని తెలివితక్కువతనాన్ని వెక్కిరించే హక్కు నాకుంది.

తెనాలి దగ్గర ఒక బళ్ళో ముప్పై రెండేళ్ళు అక్షాంశాలూ రేఖాంశాలూ చెప్పి రిటైరయ్యాను. ఒక్కరోజు కూడా బడికి ఆలస్యంగా వెళ్ళలేదు. మా వీధిలో నేను గేటు తీసిన చప్పుడు విని పాలవాడు గడియారం సరిచేసుకునేవాడు. ఇప్పుడు నా స్నేహితురాలు రత్నం గురించి చెబుతాను. బీఎడ్‌లో నా రూమ్మేటు. దాని పెళ్ళికే అది ఆలస్యంగా వెళ్ళిందని విన్నాను. నేను చూడలేదు, ఎందుకంటే అప్పటికే మాకు మాటల్లేవు.

కారణం గ్రూపు ఫోటో. చివరి రోజు, నాలుగు గంటలకి ఫోటో. తలలో పూలు సరిగా కుదరలేదని రత్నం హాస్టల్లోనే ఉండిపోయింది. నేను గేటు దగ్గర దానికోసం నిలబడ్డాను. నాలుగూ ఇరవైకి నవ్వుకుంటూ వచ్చింది. ఫోటోగ్రాఫరు వెళ్ళిపోయాడు. అరవై రెండు మంది క్లాసు, ఫోటోలో అరవై మంది. "ఈ జన్మలో నీ మొహం చూస్తే ఒట్టు!" అన్నాను. మాట నిలబెట్టుకోవడంలో కూడా నేను టైము తప్పను. నలభై మూడేళ్ళు నిలబెట్టాను.

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉండి, సోమవారం ఇండియా వెళ్ళిపోవాల్సి ఉండగా, ఎవరి ద్వారానో నంబరు సంపాదించి రత్నమే ఫోన్ చేసింది. అది బ్రిస్బేన్‌లో కొడుకు దగ్గర ఉంటోందట.

"ఒక్కసారి రావే విశాలాక్షీ. ఇంకో నలభై మూడేళ్ళు ఆగుదామంటే మనకి కుదరదు."

నది ఒడ్డున హోటల్ బుక్ చేయించి, దానికి తిరిగి ఫోన్ చేసి, పట్టు వదలకుండా అన్నాను: "వస్తాను. శనివారం. తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. అది వెళ్ళాక పదీ ముప్పై అయిదుకి మా హోటల్ పక్క ఫెర్రీ రేవు దగ్గరుంటాను. ఈసారి కూడా లేటు చేశావో, నీ కోసం నిలబడను."

"పదీ ముప్పై అయిదు. అలాగేనే తల్లీ."

అమ్మాయికి సెలవు దొరకలేదు. అల్లుడు శ్రీధర్‌ని తోడు పంపింది. కరీంనగర్ పిల్లవాడు, బహు నెమ్మదస్తుడు. విమానం దిగగానే ఆ నెమ్మదస్తుడే నిప్పు రాజేశాడు.

"అత్తమ్మా, వాచీ ఒక గంట ఎన్కకు పెట్టుకోవాలె. మెల్‌బోర్న్‌ల ఎండాకాలం గడియారం గంట ముందుకు జరుపుతరు, డేలైట్ సేవింగ్. ఈడ జరపరు."

నేను జాలిగా నవ్వాను. "బాబూ, మెల్‌బోర్న్ ఎన్ని డిగ్రీల తూర్పు రేఖాంశం?"

"నాకేం తెలుసు అత్తమ్మా? నేను ఐటీ."

"నూట నలభై అయిదు. బ్రిస్బేన్ నూట యాభై మూడు. తేడా ఎనిమిది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ముప్పై రెండు నిమిషాలు. తూర్పున ఉన్న ఊళ్ళో సూర్యుడు ముందు వస్తాడు. ముందు సూర్యుడొచ్చే ఊళ్ళో టైము వెనకెలా ఉంటుంది? న్యాయంగా నేను ముప్పై రెండు నిమిషాలు ముందుకి తిప్పాలి. పోనీలే అని ఊరుకుంటున్నాను."

"ఫోన్ చూడుండ్రి. ఆటోమేటిక్‌గా మారింది."

చూశాను. మారింది. నన్నడక్కుండా! ఆ సదుపాయాన్ని పీకేసి, ఫోన్‌ని నా వాచీకి సరిగ్గా కలిపాను. విమానంలో పైలట్ కూడా గంట తక్కువ చెప్పాడని శ్రీధర్ గుర్తుచేశాడు. పాపం, అంత పని ఒత్తిడిలో ఆయన వాచీ చూసుకోలేదనుకున్నాను.

హోటల్ నది ఒడ్డునే. ఆ నది ఊళ్ళోంచి తిన్నగా పోదండీ, జడ అల్లినట్టు మెలికలు తిరుగుతుంది. ఉక్కపోత అచ్చం మన విజయవాడ. తురాయి చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. అన్నీ బావున్నాయి కానీ, హోటల్ హాల్లో గోడ గడియారం గంట వెనక ఉంది. పిల్లల కాపీ దిద్దకుండా వదిలేసిన పాపం నా ఖాతాలో లేదు. కుర్చీ లాక్కుని ఎక్కాను.

"అత్తమ్మా, దిగుండ్రి! కెమెరాలుంటయి!"

"ఉండనివ్వండి బాబూ. ఎవరు సరిచేశారో వాళ్ళకీ తెలియాలి."

మర్నాడు పొద్దున్న అయిదూ యాభైకి కర్టెన్ తీస్తే నది మీద సూర్యుడు అప్పుడే పైకొస్తున్నాడు. శ్రీధర్‌ని లేపి మరీ చూపించాను. "చూడండి! ఆరుకి పది నిమిషాల ముందు సూర్యోదయం. పద్ధతైన టైము. మీ లెక్కైతే నాలుగూ యాభై. ఏ సూర్యుడైనా నాలుగూ యాభైకి లేస్తాడా?"

"ఈడ లేస్తడు అత్తమ్మా," అని దుప్పటి ముసుగేశాడు. సూర్యుడు నా పక్షాన ఉన్నాక అల్లుడు ఎటుంటే నాకేం?

ఏడింటికి ఫలహారానికి దిగాం. చీకటి. కుర్చీలు బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి. ఒక అమ్మాయి నేల తుడుస్తోంది.

"ఏడింటికి టిఫిన్ అని బోర్డు పెట్టి, ఏడింటికి నేల తుడుస్తారా?" అని ఇంగ్లీషులో నిలదీశాను.

"సిక్స్ ఓ క్లాక్, లవ్," అంది.

అరవై ఎనిమిదేళ్ళ దాన్ని పట్టుకుని లవ్వేమిటని ముందు దానికి నివ్వెరపోయాను. టైము సంగతి తర్వాత గుర్తొచ్చి, క్రమశిక్షణ మీద నాలుగు ముక్కలు చెప్పాను. అంతా విని, "నో వరీస్," అంది. ఈ ఊళ్ళో ఎవరికీ దేనికీ వర్రీ లేదు. అందుకే గడియారాలు ఇలా ఏడ్చాయి అని నోటుబుక్కులో రాసుకున్నాను.

రాహుకాలం వెళ్ళాక, అంటే నా వాచీలో పదీ ముప్పై ఒకటికి గదిలోంచి కదిలాం. పదీ ముప్పై అయిదుకి రేవులో ఉన్నాను. రత్నం లేదు.

పదీ నలభై. లేదు. మధ్యాహ్నం రెండింటికి తిరుగు విమానం. రేవు మీద ఇటూ అటూ నడవడం మొదలుపెట్టాను. ఇది కోపమని శ్రీధర్‌కి చెప్పాను. నిజానికి భయం. రత్నం మారి ఉంటుందని, నా కోసం ఒక్కసారి టైముకి వస్తుందని, నాకే తెలియకుండా చాలా ఆశ పెట్టుకున్నాను.

"ఇంక యాభై అయిదు నిమిషాలున్నయి అత్తమ్మా, నిమ్మళంగ కూసోండ్రి," అన్నాడు శ్రీధర్.

"దాన్ని వెనకేసుకు రాకండి!"

పదీ యాభైకి ఫోన్ తీసి దానికి వాయిస్ మెసేజ్ పెట్టాను. "నలభై మూడేళ్ళయినా నువ్వు మారవే రత్నం! ఆ రోజు పూలన్నావు, ఈ రోజు ఏమంటావు? నిన్ను నమ్మి నదీతీరాన నిలబడ్డాను చూడు, నన్ను అనాలి! నువ్వు మారవే!" ఇంకా చాలా ఉంది. మొత్తం నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. ఊపిరి తీసుకున్న టైము కలిపి. పంపి, ఫోన్ స్విచాఫ్ చేసి, పదకొండూ రెండుకి వచ్చిన ఫెర్రీ ఎక్కేశాను. శ్రీధర్ సంచి పట్టుకుని వెనకే పరిగెత్తాడు.

నాలుగు నిమిషాలు పోయాక ఎదురుగా ఇంకో ఫెర్రీ వచ్చింది. దాని ముందుభాగంలో, చిలకపచ్చ చీరలో, జెండా కర్రలా ఒక ముసలమ్మ నిలబడి ఉంది. నేను గుర్తుపట్టలేదు. గొంతే గుర్తుపట్టాను.

"విశాలాక్షీ! ఎక్కడికే పోతున్నావూ?"

"లేటు! ముప్పై ఒక్క నిమిషాలు లేటు!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. రెండు పడవలూ మర్యాదగా తప్పుకుని పోయాయి.

పక్క రేవులో దిగిపోయి, వెనక్కి వెళ్ళే ఫెర్రీ పట్టుకున్నాం. సగం దూరం వచ్చామో లేదో ఎదురుగా మళ్ళీ చిలకపచ్చ చీర! మా రేవులో దిగి, నేను లేనని చూసి, నన్ను వెంటాడుతూ అది మళ్ళీ ఫెర్రీ ఎక్కింది.

"నువ్వు దిగి అక్కడే ఉండవే!" అని నేను అరిచాను.

"నువ్వు దిగి అక్కడే ఉండవే!" అని అదీ అదే క్షణాన అరిచింది.

పడవలో టూరిస్టులంతా ఇటూ అటూ తలలు తిప్పుతూ ఫోన్లలో మమ్మల్ని వీడియో తీశారు. నది చూడ్డానికొచ్చిన వాళ్ళు నదిని మర్చిపోయారు.

మా రేవులో దిగాం. మళ్ళీ ఎక్కబోతుంటే, మూడు నెలల్లో మొదటిసారి శ్రీధర్ నాకు అడ్డం నిలబడ్డాడు.

"వద్దు అత్తమ్మా. ఎవలో ఒకరు ఆగాలె. లేకుంటే రెండు గంటల దాక మీరిద్దరు ఇట్లనే టాటా చెప్పుకుంట తిరుగుతరు."

ఆ రోజు గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఆగాల్సి వచ్చినందుకు నలభై మూడేళ్ళు కోపం మానలేకపోయినదాన్ని. బెంచీ మీద కూలబడ్డాను. జీవితంలో మొదటిసారి రత్నం చెప్పిన మాట విని, ఉన్నచోటే ఉన్నాను. రత్నం మాత్రం అలవాటు ప్రకారం నా మాట వినలేదు. అక్కడే ఉండకుండా ఫెర్రీ ఎక్కి వచ్చేసింది. వింటే ఇద్దరం చెరో రేవులో ఈ పాటికి తురాయి చెట్లమై ఉండేవాళ్ళం.

దిగుతూనే చెయ్యి ఎత్తి రేవు మీది బోర్డు చూపించింది. "చూడవే! చదువు! టైమెంత?"

బోర్డు మీద పదీ ముప్పై అయిదు.

"ఆ బోర్డు తప్పు," అని వాచీ చూపించాను. పదకొండూ ముప్పై అయిదు.

రత్నం ఫెర్రీ మీద తాడు కడుతున్న మనిషిని పిలిచింది. అతను మా ఇద్దరినీ చూసి, "టెన్ థర్టీ ఫైవ్, లేడీస్," అన్నాడు. ఊళ్ళోంచి సిటీ హాల్ గడియారం గంట వినబడలేదు కానీ, వినబడితే అదీ నన్నే వెక్కిరించేది. చుట్టూ చూశాను. నా పక్షాన ఒక్క గడియారం లేదు. సూర్యుడు మబ్బు చాటుకి తప్పుకున్నాడు.

"నీ భయానికి అయిదింటికే లేచానే," అంది రత్నం. "అరగంట ముందొచ్చాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముందొచ్చాను. పడవలో కూర్చుని నీ మెసేజ్ విన్నాను. నాలుగు నిమిషాలు తిట్టావు. అవునూ, రాహుకాలం రాహుకాలం అన్నావు, గదిలోంచి ఎన్నింటికి కదిలావే?"

"పదీ ముప్పై ఒకటికి."

"గంట తీసెయ్."

తీసేశాను. తొమ్మిదీ ముప్పై ఒకటి. నిండు రాహుకాలం.

శ్రీధర్ నది వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకోవడానికి చాలా ప్రయత్నించాను.

తర్వాత ఏమైందంటారా? "బాబూ, మా ఇద్దరికీ ఒక ఫోటో తియ్యి. మాకు బాకీ ఉంది," అంది రత్నం. తీరా శ్రీధర్ ఫోన్ ఎత్తేసరికి, "ఆగు, ఒక్క నిమిషం, జుట్టు సర్దుకుంటా," అని అద్దం తీసింది. నేను ఆగాను. పదకొండు నిమిషాలట. నేను లెక్కపెట్టలేదు, అల్లుడు చెప్పాడు.

ఆ ఫోటో ఇప్పుడు మా గోడ మీద ఉంది. నా వాయిస్ మెసేజ్‌ని రత్నం తన ఫోన్లో అలారంగా పెట్టుకుంది. రోజూ పొద్దున్నే బ్రిస్బేన్‌లో, "నువ్వు మారవే!" అని నా గొంతే దాన్ని లేపుతుంది. అయినా అది లేవదట.

కనుక పాఠకుల సాక్షిగా, పంచభూతాల సాక్షిగా, నూట యాభై మూడో తూర్పు రేఖాంశం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊళ్ళో దిగినా ముందు అల్లుడి మాట వింటాను, పరాయి గోడ గడియారం జోలికి పోను, ఊరంతా ఒక టైము చెబుతుంటే నేనొక్కదాన్నే ఇంకో టైము చెప్పను. ఈ ప్రమాణం చేసిన సమయం పదీ ముప్పై అయిదు.

బ్రిస్బేన్ టైము. రత్నాన్ని ఫోన్లో అడిగి రాశాను.