మే నెలలో మైనస్ నలభై

శక్తినగర్ దారిలో నారప్ప దుకాణానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. థర్మల్ కేంద్రం బూడిద లారీ ఒకటి వెనక్కి వస్తూ దాన్ని పడగొట్టింది. దుకాణం ఎక్కడుందో జనానికి తెలుసు కదా అని ఆయన మళ్ళీ పెట్టించలేదు. మొదట్లో ఫ్యాన్ల మోటార్లు చుట్టేవాడు, తర్వాత ట్రాక్టర్ల వైరింగ్, ఆ తర్వాత కార్లు. ఇంగ్లిషు చదవలేడు గానీ వైరు రంగు చూసి అది ఎక్కడికి పోతుందో చెప్పేవాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం శ్రీరాములు కారు తెచ్చాడు. ఆయనది గుడివాడ వైపు. ఇరవై ఏళ్ళుగా థర్మల్ కేంద్రం కంట్రోల్ రూములో ఉద్యోగం. డ్యూటీ ఎనిమిది గంటలూ తెర మీద ఉష్ణోగ్రతలు చూడటమే పని.

"తాళం తిప్పగానే ఇంజిన్ ఫ్యాను తిరిగేస్తోందండీ. పొగ నల్లగా వస్తోంది. పెట్రోలు నీళ్ళలా తాగేస్తోంది. ఇంజిన్ వేడి చూసే సెన్సర్ మూడుసార్లు మార్పించాను. ఇప్పుడేమో షోరూమువాళ్ళు బండి కంప్యూటరే పోయిందంటున్నారు."

నారప్ప బండి కంప్యూటర్ లెక్కలు చూపించే స్కానర్ తగిలించాడు. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. ఇంజిన్ వేడి మైనస్ నలభై అని తెర మీద పడింది.

"మీ బాయిలర్ కాడ గిట్ల చూపిస్తే ఏం జేస్తరు సార్?"

"ముందు నమ్మం."

"మరి కారుల ఎట్ల నమ్మినరు?"

నారప్ప సెన్సర్ ప్లగ్గు ఊడదీశాడు. అందులో రెండు వైర్లు. ఒకటి కంప్యూటర్ నుంచి ఐదు వోల్టులు తెస్తుంది, రెండోది ఎర్తు, కరెంటు తిరిగి పోయే దారి. తాళం తిప్పమని చెప్పి, మీటరు ఒక కొస మొదటి వైరుకూ, రెండో కొస బ్యాటరీ మైనస్‌కూ ఆనించాడు. ఐదు చూపించింది. తర్వాత రెండు వైర్ల మధ్య పెట్టాడు. సున్నా.

"వచ్చేది మంచిగనే వస్తుంది సార్. తిరిగి పోయే దారి తెగింది. సెన్సర్ తప్పు గాదు, కంప్యూటర్ తప్పు గాదు. దారి తెగేసరికి ఇంజిన్ మంచుల ఉందనుకొని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఎందుకైనా మంచిదని ఫ్యాను గూడ తిప్పుతుంది."

ఎర్తు వైరు వెంట టేపు ఒలుచుకుంటూ పోయాడు. జానెడు దూరంలో ఆకుపచ్చ మరక కనిపించింది. గోటితో నొక్కితే వైరు మెత్తగా వంగింది. లోపల రాగి పొడి పొడి అయిపోయింది. మరక నడుమ సూదిమొనంత బెజ్జం.

ఆ బెజ్జం ఎవరిదో నారప్పకు తెలుసు. రెండేళ్ళ క్రితం వానాకాలంలో ఇదే కారు స్టార్టు కావడం లేదని వస్తే, వైరుకు సూది గుచ్చి కరెంటు చూశాడు. అందరూ అలాగే చూస్తారు. పైన రెండు చుట్లు టేపు వేసి పంపించాడు. ఆ టేపు జిగురు ఎండి ఎప్పుడో వదులైంది.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. శ్రీరాములు పక్కన నిలబడి పేపరుతో విసురుకుంటున్నాడు.

"ఎలుక పనాండీ?"

అవునంటే సరిపోయేది. శక్తినగర్‌లో ఎలుకలకు కొరత లేదు.

"కాదు సార్. నేనే."

"మీరు కొరికారా?"

"సూదితో పొడిచిన. రెండేండ్ల కింద. ఆ బెజ్జంల నీళ్ళు దిగి రాగి మురిగింది."

శ్రీరాములు పేపరు మడిచాడు. "అయితే మూడు సెన్సర్లు మీ వల్లే మార్పించానన్నమాట."

"అవ్ సార్."

"సరే, అతకండి."

నారప్ప పాడైన ముక్క కోసేసి, కొత్త వైరు అతికి, పైన సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేడి చేసి బిగించాడు. తెర మీద నలభై ఏడు వచ్చింది. ఇంజిన్ నడిపితే మెల్లగా తొంభై దాటింది, ఫ్యాను తిరిగింది, కాసేపటికి ఆగింది. శ్రీరాములు డ్యూటీలో ఉన్నట్టే ఇరవై నిమిషాలు అంకెలు చూసి, కారు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర భార్య మద్దమ్మ అడిగింది. "కలుపుతనే ఉన్నవ్, తింటలేవు. ఏమైంది?"

నారప్ప జరిగింది చెప్పాడు. ఆమె పప్పు వడ్డించి, "ఇంకెన్ని బండ్లకు పొడిచినవ్?" అంది.

అప్పటిదాకా ఆ సంగతి ఆయనకు తట్టలేదు. లెక్కపెడితే గుర్తున్న బండ్లు పదకొండు తేలాయి. ఆ వారం నుంచి ఆదివారాలు దుకాణం మూసి, మీటరు సంచిలో వేసుకుని ఆ బండ్లున్న ఊళ్ళకు బస్సెక్కేవాడు. యాపలదిన్నిలో స్కూలు వ్యాను చూశాడు. అరకేరలో బసవలింగప్ప జీపు దగ్గరికి పోతే ఆ రైతు అనుమానంగా చూశాడు.

"బండి మంచిగనే ఉంది గద నారప్పా. ఎవరు పిలిచిండ్రు నిన్ను?"

"ఎవరు పిలువలే. దీనికొక బెజ్జం పెట్టిన, చూసిపోదమని వచ్చిన."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే గాదు."

"తెలిసేది. నడి తొవ్వల బండి ఆగినంక."

బసవలింగప్ప బానెట్ ఎత్తాడు. వైరు అప్పటికే పచ్చబడుతోంది.

పదకొండింట్లో మూడు అలా పచ్చబడినవే, వాటికి కొత్త వైరు అతికాడు. అన్నీ ముగిసేసరికి దసరా వచ్చింది. ఈ లోపల శ్రీరాములు తన కారు సంగతీ, నారప్ప తానే ఒప్పుకున్న బెజ్జం సంగతీ కంట్రోల్ రూములో అందరికీ చెప్పాడు. దాంతో ఇద్దరు నారప్ప దగ్గరికి రావడం మానేశారు, ఆరుగురు కొత్తగా వచ్చారు. ఎందుకొచ్చారని ఆయన ఎవరినీ అడగలేదు. బానెట్ తెరవమన్నాడు.